డిలేకి తెలుగులో ఏమనాలి?

యాప్స్ రాయడం గురించి తెలుగులో పాఠాలు రాస్తున్నానండీ, లూపు (ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించే కోడు) దగ్గరికొచ్చి ఇరుక్కుపోయా. ఒక తడవ అయ్యాక ఇంకో తడవ మొదలయ్యే ముందు కాసేపు ఆగాలి, దాన్నే డిలే అంటాం కదా, నిఘంటువు తీస్తే ఆలస్యం, జాప్యం అని ఉన్నాయి. రెండూ నాకు ఎక్కలేదు. ఆలస్యం అంటే ఎవరిదో తప్పున్నట్టే ఉంటుంది, అసలు సంస్కృతంలో దానికి అర్థమే సోమరితనం, ఇక జాప్యం అనగానే కదలని ఫైలు గుర్తొస్తుంది. ఇక్కడేమో మనం కావాలని, మిల్లీసెకన్లు లెక్కపెట్టి మరీ ఆపుతున్నాం. మీరైతే ఏం రాస్తారు?

— విరామం అనండి. లేదా డిలే అనే ఉంచెయ్యండి, ఎవరికి తెలీదు?

— ముందు డిలే అనే రాశానండీ, దాంతోనే ఓ కుర్రాడు బోల్తా పడ్డాడు. 1 నుంచి 5 దాకా అంకెలు అరసెకనుకొకటి చొప్పున స్క్రీన్ మీద మారాలి. ఫర్ లూపులో ఆండ్రాయిడ్‌లో ఉండే హ్యాండ్లర్ పోస్ట్‌డిలేడ్ అనే ఆదేశం పెట్టి 500 మిల్లీసెకన్లు ఇచ్చాడు. రన్ చేస్తే అరసెకను పాటు ఏమీ లేదు, తర్వాత ఠక్కున 5 వచ్చి కూర్చుంది, మిగతా నాలుగూ ఏమైపోయాయి సార్ అంటాడు. ఎక్కడికీ పోలేదు. పోస్ట్‌డిలేడ్ అక్కడ ఆగదు, "అరసెకను పోయాక ఈ పని చెయ్యి" అని చీటీ రాసి పడేసి వచ్చేస్తుంది, లూపు రెప్పపాటులో అయిదు చీటీలూ రాసేసింది, అన్నిటి మీదా దాదాపు ఒకటే టైము, అందుకే అయిదూ ఒక్కసారే వచ్చి చివరి 5 ఒక్కటే కంటికి ఆనింది.

— అయితే మీకు కావాల్సిన మాట ఎడం! ఆలస్యం ఒక్కదానికైనా ఉంటుంది, ఎడం ఉండాలంటే రెండు కావాలి, మొక్కకీ మొక్కకీ ఎడం అంటాం చూడండి. మీ కుర్రాడు అయిదింటికీ తలా అరసెకను ఆలస్యం పంచాడు, వాటి మధ్య ఎడం మాత్రం పెట్టలేదు. 500ని తడవ అంకెతో గుణిస్తే 500, 1000, 1500 అని దూరం దూరంగా పడతాయి. అయినా మీరే "అరసెకనుకొకటి" అని రాశారు, అతను కోడులో "అరసెకను తర్వాత" అని రాశాడు, తేడా అంతా ఆ -కొకటిలోనే ఉంది.

— ఎడం బాగుంది. కానీ కోట్లిన్ (ఆండ్రాయిడ్ యాప్స్ రాసే భాష) కొరుటీన్‌లో, అంటే మధ్యలో ఆగి మళ్ళీ సాగగలిగే పనిలో, డిలే అని ఉందే, పేరు అదే అయినా లూపులో పెడితే అది నిజంగానే ఆగుతుంది, గుణింపులేం అక్కర్లేదు. థ్రెడ్ స్లీప్ (థ్రెడ్ అంటే పనులు ఒకదాని వెనక ఒకటి నడిచే వరస) కూడా ఆగుతుంది గానీ స్క్రీన్‌ని నడిపే మెయిన్ థ్రెడ్‌లో పెడితే స్క్రీన్ మొత్తం బిగుసుకుపోతుంది, వేలితో తాకినా 5 సెకన్ల దాకా ఉలుకూ పలుకూ లేకపోతే యాప్ స్పందించట్లేదని ఆండ్రాయిడే చెప్పేస్తుంది. అందుకే నేను స్లీప్‌ని గుమ్మానికడ్డంగా పడుకోవడం అంటా, కొరుటీన్ డిలేని పక్కకి జరిగి నించోవడం అంటా 😀

— ఇది పాఠంలో పెట్టేస్తున్నా, మీ పేరు వేస్తాలెండి. హెడ్డింగు "తడవకీ తడవకీ ఎడం". ఒకటే భయం, ఎడం అంటే ఎడం చెయ్యి అనుకుని స్క్రీన్‌లో ఎడమ పక్క ఖాళీ వదులుతారేమో.

— వదులుతారు. ఒకరైనా వదులుతారు.