అమ్మానాన్న బతికుండగానే రాయించుకోవాలా, వీలునామా చాలదా?

తెనాలి చిన్నోడు:
అందరికీ నమస్కారం. నాన్నకి 74, రిటైర్డ్ టీచర్, అమ్మకి 68. తెనాలిలో ఇల్లు నాన్న స్వార్జితం, ఊళ్ళో ఎకరంన్నర మాగాణి తాతయ్య నుంచి వచ్చింది. అక్క గుంటూరు, నేను హైదరాబాద్, తమ్ముడు డాలస్. సంక్రాంతికి వచ్చినప్పుడే ముగ్గురి పేర్ల మీదా గిఫ్ట్ డీడ్ చేసేయండి, మళ్ళీ మళ్ళీ రాలేను అంటున్నాడు తమ్ముడు. నాన్నేమో వీలునామా రాస్తా చాల్లే అంటున్నాడు. నాకు నాన్న మాటే నచ్చింది కానీ తమ్ముడి భయమూ అర్థమవుతోంది. మీ ఇళ్ళల్లో ఏం చేశారు?

కృష్ణలంక వాసు:
తమ్ముడి మాట వినండి బ్రదర్. మా తాత తెల్లకాగితం మీద వీలునామా రాసి, ఇద్దరితో సాక్షి సంతకాలు పెట్టించి ట్రంకుపెట్టెలో దాచాడు. అది చెల్లుతుంది, స్టాంపు పేపర్ అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు, అక్కడి వరకు ఓకే. ఆయన పోయాక మా బాబాయి అది దొంగ వీలునామా అన్నాడు. కోర్టులో నిలబడాలంటే ఆ సాక్షుల్లో ఒక్కరైనా వచ్చి అవును మా ముందే సంతకం పెట్టాడు అని చెప్పాలి, ఆ ఇద్దరూ తాత ఈడువాళ్ళు, అప్పటికే పోయారు. ఇక చేతిరాతలు పోల్చుకుంటూ, వాయిదాలు తిరుగుతూ 11 ఏళ్ళు. మా నాన్న ఆ తీర్పు చూడకుండానే పోయాడు. రిజిస్టర్డ్ గిఫ్ట్ అయ్యుంటే ఇదంతా ఉండేదా?

ఖమ్మం ఆడపడుచు:
అన్నా మీ బాధ నిజమే, కానీ అది వీలునామా తప్పు కాదు, సాక్షుల్ని ఎంచుకోవడంలో తప్పు. గిఫ్ట్ చేస్తే ఏమవుతుందో నేను చెప్తా వినండి. మా అమ్మ 2016లో ఇల్లు మొత్తం మా పెద్దన్న పేరు మీద రాసిచ్చింది, కొడుకే కదా అని ఒక్క షరతు కూడా పెట్టకుండా. ఏడాది తిరక్కుండానే అమ్మ మంచం ఇంటి వెనక రేకుల షెడ్డులోకి వెళ్ళింది. 2007 సీనియర్ సిటిజన్స్ చట్టంలో 23వ సెక్షన్ ఉంది, పోషిస్తామని రాయించుకుని పోషించకపోతే ఆ దస్తావేజు రద్దు చేయొచ్చు అని. ఆర్డీవో గారి దగ్గర కేసు వేశాం. అవతలి లాయరు దస్తావేజులో పోషించాలన్న షరతు ఎక్కడుంది అన్నాడు, 2022లో సుప్రీంకోర్టు షరతు ఉండాలి అని చెప్పిన తీర్పు చూపించాడు. 2025 జనవరిలో అదే కోర్టు ఈ చట్టాన్ని పెద్దవాళ్ళ మేలు చూసి ఉదారంగా చదవాలి అన్నాక మాకు కాస్త ఆశ వచ్చింది. ఇప్పటికీ తిరుగుతున్నాం, అమ్మకి 79. దయచేసి మీ నాన్నగారిని తొందరపెట్టకండి.

దస్తావేజు లేఖరి, గుంటూరు:
22 ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నా, ఇద్దరూ నిజమే చెప్తున్నారు. గిఫ్ట్ ఒకసారి రిజిస్టర్ అయితే ఇచ్చినాయన ఒక్కడే వెళ్ళి రద్దు చేసుకోలేడు. వీలునామా అయితే ప్రాణం ఉన్నంతవరకు ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, ఆఖరిదే చెల్లుతుంది. ఇంకోటి, మీ తమ్ముడు రాలేననేది కారణమే కాదు, వీలునామాకి ఆయన ఉండక్కర్లేదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించండి, సాక్షులు నాన్నగారికంటే చిన్నవాళ్ళూ, ఆస్తితో సంబంధం లేనివాళ్ళూ అవ్వాలి, ఆ రోజు డాక్టర్ సర్టిఫికెట్ ఒకటి తీసుకోండి మతి స్థిమితంగా ఉందని. ఇప్పుడే ఇవ్వాల్సిందే అంటే సెటిల్మెంట్ దస్తావేజులో (ఇంట్లోవాళ్ళకి బతికుండగానే ఆస్తి రాసిచ్చే పత్రం) జీవితాంతం అనుభవ హక్కు నాన్నగారికి ఉంచి, పోషణ షరతు స్పష్టంగా రాయించండి.

పొలం సంగతి వేరు. తాతయ్య కొన్నదా, ఆయనకీ పైనుంచి వచ్చిందా లింకు డాక్యుమెంట్లు, అంటే పాత దస్తావేజులు చూడాలి. తాత నుంచి వచ్చిందల్లా పిత్రార్జితం అనుకుంటారు, కాదు. నిజంగా పిత్రార్జితమే అయితే నాన్నగారు రాయగలిగేది తన వాటా వరకే, మీ అక్కగారికి పెళ్ళైనా సరే పుట్టుకతోనే మీతో సమాన వాటా, 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది.

కృష్ణలంక వాసు:
అనుభవ హక్కు పెట్టి రాయడం మంచి మాట, ఒప్పుకుంటా. కానీ వీలునామా రాస్తా రాస్తా అంటూ రాయకుండానే పోయేవాళ్ళే ఎక్కువండీ, మా వీధిలోనే ముగ్గుర్ని చూశా.

ఒంటరి పక్షి:
అందరూ కొడుకులు కూతుళ్ళ గురించే మాట్లాడుతున్నారు. నాకు 46, భర్త లేరు, పిల్లల్లేరు, ఫ్లాట్ నా జీతంతో కొనుక్కున్నా. నేను ఏమీ రాయకుండా పోతే హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం అది ముందు నా భర్త తరఫు వారసులకి వెళ్తుంది, నన్ను చదివించిన మా అమ్మకి కాదు. అది తెలిసిన రోజు నిద్ర పట్టలేదు, ఆ వారంలోనే వీలునామా రాశా. బ్యాంకులో నామినీగా అమ్మ పేరుంది చాల్లే అనుకునేదాన్ని, నామినీ డబ్బు తీసుకోవడానికే తప్ప సొంతదారు అయిపోరంట. నా లాంటి వాళ్ళు చదువుతుంటే రేపటికి వాయిదా వేయకండి.

అప్పు నాన్న:
మా బాబుకి 19, ఆటిజం. వాడి పేరు మీద నేరుగా రాస్తే సంతకం ఎవరు పెడతారు? మేం ట్రస్టు పెట్టి మా చెల్లెల్ని ట్రస్టీ చేశాం, ఆటిజం లాంటివి ఉన్నవాళ్ళ కోసం వచ్చిన 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద వాడికి గార్డియన్‌ని పెట్టమని కలెక్టరేట్‌లో అప్లై చేశాం. గిఫ్టా వీలునామానా అనే ప్రశ్న అందరికీ సరిపోదండీ.

తెనాలి చిన్నోడు:
అందరికీ థాంక్స్. రాత్రి ఫోన్ స్పీకర్లో పెట్టి ఇదంతా నాన్నకి చదివి వినిపించా, తమ్ముడు కూడా లైన్లో ఉన్నాడు, ఖమ్మం అక్క రాసింది విని చాలాసేపు ఏం మాట్లాడలేదు. వీలునామాకే ఓకే అన్నాడు, సోమవారం రాయిస్తున్నాం. నాన్న మాత్రం ఒకటి అడిగాడు, అనుభవ హక్కు నాకు అంటున్నారు సరే, నా తర్వాత మీ అమ్మ ఎక్కడుంటుంది అని. మేం ముగ్గురం ఆ మాటే అనుకోలేదు. లేఖరి గారూ, ఇల్లు ముందు అమ్మకి జీవితాంతం, ఆమె తర్వాతే మా ముగ్గురికీ అని రాయాలంటే మాటలు ఎలా ఉండాలో కాస్త చెప్తారా?