1954 షెవర్లే ట్రక్కు, 235 ఇంజన్: పాత రోచెస్టర్ బి కార్బురేటర్‌ను బాగుచేయించాలా, కొత్తది వేయాలా?

పాతట్రక్కు54:
అందరికీ నమస్కారం. నా 1954 షెవర్లే ట్రక్కులో 235 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజన్, దాని మీద పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే సింగిల్ బ్యారెల్ (ఒకే గాలిదారి ఉన్న) రోచెస్టర్ బి కార్బురేటర్ ఉన్నాయి. ఇది వారానికి నాలుగు రోజులు బరువులు మోసే బండి. ఆరు నెలలుగా ఐడ్లింగ్‌లో నల్లపొగ వస్తోంది, ప్లగ్గులు విప్పితే మసి పట్టి ఉంటున్నాయి, యాక్సిలరేటర్ ఒక్కసారిగా నొక్కితే ఇంజన్ తడబడి ఆ తరువాత అందుకుంటోంది. వేడి మీద ఆపి పది నిమిషాల తరువాత సెల్ఫ్ కొడితే ఎంతసేపటికీ స్టార్ట్ కావడం లేదు. దీన్ని పారేసి, ఇదే నమూనాలో ఇప్పుడు తయారవుతున్న కొత్తది బిగించమని మా మెకానిక్ అంటున్నారు. అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరు.

ఇత్తడిజెట్:
దయచేసి పారేయకండి. మీరు చెప్పిన లక్షణాలు రోచెస్టర్ బి వాడినవారందరికీ పరిచయమైనవే. ఈ కార్బురేటర్‌లో ఫ్లోటు (లోపలి పెట్రోలు మట్టాన్ని అదుపుచేసే తేలే డబ్బా), మెయిన్ జెట్టు (పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రం), పవర్ పిస్టన్ (బరువు మీద అదనపు పెట్రోలు ఇచ్చేది) అన్నీ పై మూతకే వేలాడుతూ ఉంటాయి. స్క్రూలను ఏళ్ల తరబడి అవసరానికి మించి బిగించడం వల్ల ఆ మూత అంచులు కిందికి వంగి, గ్యాస్‌కెట్ అక్కడక్కడా అతుక్కోకుండా పోతుంది. ఇంజన్ వ్యాక్యూమ్ పవర్ పిస్టన్‌ను పైకి లాగి పట్టుకున్నంతసేపు అదనపు పెట్రోలు వెళ్లే దారి మూసి ఉంటుంది. గ్యాస్‌కెట్ దగ్గర ఆ వ్యాక్యూమ్ లీకైతే స్ప్రింగు పిస్టన్‌ను కిందికి నెట్టేస్తుంది. అప్పుడు బరువు లేకున్నా, ఎత్తు ఎక్కకున్నా, ఇంజన్‌కు ఎప్పుడూ చిక్కటి మిక్చరే, అంటే పెట్రోలు ఎక్కువైన మిశ్రమమే, అందుతుంది. మీ నల్లపొగకు కారణం అదే కావచ్చు. మూత విప్పి, తిరగేసి, మందమైన అద్దం ముక్క మీద పెట్టి, అంచుల కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకు) దూర్చి చూడండి. యాక్సిలరేటర్ నొక్కగానే పెట్రోలు చిమ్మే యాక్సిలరేటర్ పంపులో పాత తోలు కప్పు ఉంటే అది ఎండి బిగుసుకుపోయి ఉంటుంది, మీ తడబాటు అక్కడి నుంచి వస్తోంది. కొత్త తోలు కప్పును ఒక రాత్రంతా నూనెలో నానబెట్టి మరీ వేయండి.

రెంచి17:
ముందు ఫ్యూయల్ పంపు ప్రెషర్ చూడండి. ఎక్కువగా ఉంటే ఏ కార్బురేటర్ వేసినా పొంగుతుంది.

కొత్తదేమేలు:
ఇత్తడిజెట్ గారు చెప్పినవన్నీ రిపేరు కిట్‌తో మార్చగలిగే భాగాలు. కిట్‌లో రానిదాని గురించి నేను అడుగుతాను. థ్రాటిల్ షాఫ్ట్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలిని అదుపుచేసే పలకను తిప్పే కడ్డీ) తిరిగే రంధ్రాలు డెబ్బై ఏళ్ల వాడకంలో అరిగి కోలగా మారి ఉంటాయి. షాఫ్ట్‌ను వేళ్లతో పట్టుకొని పైకీ కిందికీ కదిపితే ప్లే (వదులు) తెలుస్తుంది. ఆ సందులోంచి గాలి దూరుతున్నంతకాలం ఐడ్లింగ్ ఎన్నటికీ నిలకడగా ఉండదు. ఆ రంధ్రాలను సమంగా తొలిచి, బుష్‌లు (గొట్టం లాంటి లోహపు తొడుగులు) వేసి, వాటిని రీమర్‌తో (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకు తెచ్చే పనిముట్టు) సరిచేసి, థ్రాటిల్ పలకను మళ్లీ మధ్యలో కూర్చోబెట్టగల మనిషి ఎక్కడ దొరుకుతాడు? నేను నా కార్బురేటర్‌ను ఒక రీబిల్డర్‌కు రెండుసార్లు పంపాను. రెండుసార్లూ తళతళలాడుతూ వచ్చింది, రెండుసార్లూ పాత షాఫ్టే, అదే ప్లే. కొత్తదాంట్లో ఆ బాధ ఉండదు.

ఇత్తడిజెట్:
షాఫ్ట్ అరుగుదలను నేను కాదనడం లేదు. అయితే అక్కడ దూరేది గాలి. గాలి ఎక్కువైతే మిక్చర్ పలచబడుతుంది, ప్లగ్గులు తెల్లబడతాయి. ఈయన ప్లగ్గుల మీద ఉన్నది మసి. చిక్కటి మిక్చర్‌కు పలచటి మిక్చర్ కారణాన్ని చూపించి మొత్తం కార్బురేటర్‌నే మార్చమనడం సరైన నిర్ధారణ కాదు. పైగా ఇప్పుడు వస్తున్న నకళ్లను నేను మూడింటిని విప్పి చూశాను. ఒకదాంట్లో పోత పోసినప్పటి రజను దారుల్లోనే ఉండిపోయింది, మరొకదాంట్లో నీడిల్ (ఫ్లోటు లేచినప్పుడు పెట్రోలు దారిని మూసే సూది) తన సీటులో సరిగా కూర్చోలేదు. కొత్తదైనా విప్పి, కడిగి, ఫ్లోటు ఎత్తు సరిచూడక తప్పనప్పుడు, ఆ శ్రమేదో మంచి లోహంతో చేసిన పాతదాని మీదే పెట్టవచ్చు కదా.

కొత్తదేమేలు:
నా ప్రశ్నకు జవాబు రాలేదు. బుష్ ఎవరు వేస్తారు?

ఇత్తడిజెట్:
లేత్ ఉన్న ఏ మంచి పనివాడైనా వేయగలడు. నాది నేనే వేసుకున్నాను.

కొత్తదేమేలు:
మీకు లేత్ ఉంది. అడిగినవారికి ఉందా?

గేరుమూడు:
ఈ తగవంతా ఎందుకు, అడాప్టర్ పెట్టి వి8 ఇంజన్‌కు వాడే పెద్ద టూ బ్యారెల్ వేసేస్తే సరిపోతుంది. బలం కూడా పెరుగుతుంది.

ఇత్తడిజెట్:
గేరుమూడు గారూ, ఒకసారి లెక్క చూడండి. నాలుగు స్ట్రోకుల ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి తన పూర్తి పరిమాణం గాలిని పీలుస్తుంది. నిమిషానికి 3,600 చుట్ల దగ్గర 235 క్యూబిక్ అంగుళాలంటే సుమారు 245 క్యూబిక్ అడుగులు, అదీ సిలిండర్లు నూటికి నూరు శాతం నిండితే. 80 శాతం నిండితే 196. అంతకన్నా చాలా పెద్ద కార్బురేటర్ వేస్తే వెంచురీలో (కార్బురేటర్ లోపలి సన్నటి మెడ) గాలి వేగం తగ్గుతుంది, తక్కువ స్పీడులో పెట్రోలు సరిగా చిమ్మదు. బరువుతో మెల్లగా ఎత్తు ఎక్కవలసిన ట్రక్కుకు కావలసింది కింది స్పీడులో బలం. ఇక కొత్తదేమేలు గారి విషయం. ఓపిక లేక డబ్బు పెట్టి భాగం మార్చేవారి వల్లే ఇలాంటి బండ్ల మీద ఫ్యాక్టరీ కార్బురేటర్లు కనిపించకుండా పోయాయి. దారి తెలియనివారు ఇతరులకు దారి చూపకుండా ఉంటే మంచిది.

కొత్తదేమేలు:
ఓపిక లేదని నన్ను అన్నారు కాబట్టి జరిగింది చెబుతాను. రెండోసారి రీబిల్డ్ చేసి వచ్చిన కార్బురేటర్‌ను నేనే బిగించాను. ఈ ఇంజన్‌లో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మానిఫోల్డులు రెండూ ఒకే పక్కన ఉంటాయి, కార్బురేటర్ సరిగ్గా కాలుతున్న ఎగ్జాస్ట్‌కు పైన కూర్చుంటుంది. నీడిల్ పట్టేసి తెరుచుకొని ఉండిపోయింది, పంపు తన పని తాను చేసుకుపోయింది, పెట్రోలు పొంగి కిందికి కారింది. ఆ సమయంలో స్టీరింగ్ దగ్గర ఉన్నది నేను కాదు, మా అమ్మాయి. బానెట్ సందుల్లోంచి మంట చూసి దిగి దూరంగా పరుగెత్తింది కాబట్టి మనిషి దక్కింది, ట్రక్కు దక్కలేదు. మీరు షాఫ్ట్ గురించి, మసి గురించి, ఫ్యాక్టరీ ముద్ర గురించి రాస్తున్నారు. రేపు ఆ బండి తోలేవారు ఎవరో, వారికి అది ఎంతవరకు నమ్మకమో ఆలోచించి నేను రాస్తున్నాను. మీ బండి వారానికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుంది?

రెంచి17:
ఇద్దరూ కాస్త నెమ్మదించండి.

ఇత్తడిజెట్:
మీ అమ్మాయి క్షేమంగా ఉన్నందుకు సంతోషం. ఆ మాట నేను అనకుండా ఉండవలసింది, క్షమించండి. నా బండి ఆదివారాలు మాత్రమే తిరుగుతుంది. తిరిగేది నేనే, ఆగిపోతే రోడ్డు పక్కన విప్పగలిగేదీ నేనే. ఆ తేడాను నేను లెక్కలోకి తీసుకోలేదు. అయినా ఒక మాట చెప్పాలి: పట్టేసిన నీడిల్ కొత్తదాంట్లోనూ పట్టేస్తుంది. పంపు తరువాత ఫిల్టర్ లేకపోతే, లైనులోంచి వచ్చిన చిన్న తుప్పు రవ్వ చాలు. పాతకాలపు రబ్బరు భాగాలున్నచోట 10 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వాటిని ఉబ్బేలా చేసి పాడుచేస్తుంది. మీ బండిని కాల్చింది పాత కార్బురేటర్ అన్నదానికన్నా, ఎవరూ సరిచూడని కార్బురేటర్ అన్నది నాకు నిజంగా తోస్తోంది.

కొత్తదేమేలు:
అది నేను ఒప్పుకుంటాను. సరిచూడగలిగినవారు ఎంతమంది ఉన్నారన్నదే నా ప్రశ్న.

పాతట్రక్కు54:
నిన్న సాయంత్రం విప్పాను. మూతను అద్దం మీద బోర్లిస్తే రెండు మూలల మధ్య 0.3 మిల్లీమీటర్ల గేజ్ సులువుగా దూరింది. పవర్ పిస్టన్ బంక పట్టి కిందే ఉండిపోయింది, వేలితో నెట్టినా పైకి రాలేదు. తోలు కప్పు ముట్టుకుంటే పొడిగా రాలింది. కాబట్టి నల్లపొగ విషయంలో ఇత్తడిజెట్ గారి మాట నిజమైంది. థ్రాటిల్ షాఫ్ట్ కూడా వేళ్ల మధ్య టకటకమని కదులుతోంది, కాబట్టి కొత్తదేమేలు గారి మాటా నిజమే. వేడి మీద స్టార్ట్ కాకపోవడానికి మరో కారణం కూడా కనిపించింది: ఎగ్జాస్ట్ మానిఫోల్డులోని హీట్ వాల్వ్ తుప్పు పట్టి, వేడి పొగను ఎప్పుడూ కార్బురేటర్ కిందికే పంపే స్థితిలో బిగుసుకుపోయింది. ఇంజన్ ఆపాక లోపలి పెట్రోలు మరిగి సిలిండర్లలోకి కారుతోందన్నమాట. కొత్తది వేసినా ఈ ఒక్కటీ అలాగే మిగిలేది.

ఈ బండిని నాతోపాటు మా తమ్ముడు కూడా తోలుతాడు, అతనికి మెకానిజం తెలియదు. అందుకని ప్రస్తుతానికి కొత్తది తెప్పించి, విప్పి, కడిగి, ఫ్లోటు ఎత్తు సరిచూసి, పంపు తరువాత ఫిల్టర్ పెట్టి నడుపుతాను. హీట్ వాల్వ్ ఈ వారమే వదులు చేస్తాను. పాతదాన్ని పారేయడం లేదు. మూతను చదును చేయడం నేను నేర్చుకుంటాను. ఇత్తడిజెట్ గారూ, షాఫ్ట్ బుష్‌లకు మీరు వాడిన ఇత్తడి కడ్డీ బయటి కొలత, రీమర్ సైజు ఇక్కడ రాయగలరా?

ఇత్తడిజెట్:
ముందు మీ షాఫ్ట్‌ను అరగని చోట మైక్రోమీటర్‌తో కొలిచి ఆ అంకె పంపండి. దాన్నిబట్టే రీమర్ సైజు చెప్పగలను.