బీ-17 వెనక చేరిన ప్రతిసారీ నా విమానమే కూలుతోంది, దాడి ఎటు నుంచి చేయాలి?

పాలపిట్ట:
ఆన్‌లైన్ విమాన యుద్ధ ఆటల్లో నేను ఎక్కువగా నడిపేది జర్మన్ ఫైటర్ ఎఫ్‌డబ్ల్యూ 190. సాటి ఫైటర్లతో తలపడినప్పుడు ఇబ్బంది లేదు. నాలుగు ఇంజన్ల అమెరికన్ బాంబర్ బీ-17 ఎదురైతేనే కథ అడ్డం తిరుగుతోంది. వెనక నుంచి చేరి, నింపాదిగా గురి చూసి, రెక్క మీద గుండ్లు కురిపిస్తాను. రేకులు ఊడతాయి, ఒక ఇంజన్ పొగ చిమ్ముతుంది, అది మాత్రం ఏమీ ఎరగనట్టు సాగిపోతుంది. ఈలోగా తోక గన్నర్ నా ఇంజన్‌ను తూట్లు పొడుస్తాడు. నిన్న రాత్రి రెండు ఇంజన్లు ఆగిపోయిన బాంబర్ కూడా క్షేమంగా రన్‌వే చేరింది. బాంబర్లను కావాలనే ఇంత మొండిగా తయారు చేశారా? వాటిని కూల్చడం తేలిక చేయమని అడగడంలో తప్పుందా?

గండభేరుండం:
నేను బాంబర్లు నడుపుతాను కాబట్టి ముందు నా మాట వినండి. ఆ మొండితనం కల్పించింది కాదు. 1943 ఫిబ్రవరి 1న ట్యునీషియా మీద 'ఆల్ అమెరికన్' అనే బీ-17ను జర్మన్ ఫైటర్ బీఎఫ్ 109 ఒకటి ఢీకొట్టింది. తోక దగ్గర విమానం దాదాపు తెగిపోయినా అది అల్జీరియాలోని తన స్థావరానికి చేరి దిగింది. ఆ విమానం ఫోటో చూసిన తర్వాత రెండు ఇంజన్లు ఆగినా రన్‌వే చేరడం వింతగా అనిపించదు.

అయితే అసలు బీ-17 ఒంటరిగా పోరాడేందుకు పుట్టింది కాదు. ఒకదాన్నొకటి కాచుకునేలా మెట్లు మెట్లుగా గుంపు కట్టి వెళ్ళేవి. అలా వెళ్ళినా 1943 ఆగస్టు 17న జర్మన్ నగరాలు ష్వైన్‌ఫుర్ట్, రేగెన్స్‌బుర్గ్‌ల మీదికి బయలుదేరిన 376 బాంబర్లలో 60 తిరిగి రాలేదు. ఆటలో చాలాసార్లు ఆ గుంపు కూడా ఉండదు, నేనొక్కడినే వెళ్తాను. దాన్ని ఇంకా బలహీనం చేస్తే బాంబర్ ఎక్కేవాళ్ళే మిగలరు. దయచేసి అది అడగకండి.

ఆకాశరామన్న:
పాలపిట్ట గారూ, బాంబర్ ఎంత గట్టిది అన్న లెక్క పక్కన పెట్టి, మీరు దాని తుపాకుల ముందు ఎంతసేపు ఉంటున్నారో చూడండి. నేను రెండు వైపులా ఆడతాను. బాంబర్‌లో ఉన్నప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన శత్రువు సరిగ్గా నా తోక వెనక నిలబడేవాడే.

బాంబర్ గంటకు 300 కిలోమీటర్ల వేగంతో, మీరు 500తో వెళ్తున్నారనుకుందాం. వెనక నుంచి వస్తే మీరు దాన్ని సమీపించే వేగం 200 మాత్రమే, అంటే సెకనుకు సుమారు 55 మీటర్లు. 600 మీటర్ల దూరం 200కు తగ్గడానికి ఏడు సెకన్లు పడుతుంది. ఆ ఏడు సెకన్లూ గన్నర్ కంటికి మీరు కదలని చుక్క. అదే ఎదురుగా వస్తే రెండు వేగాలూ కలిసి 800 అవుతాయి. అదే 400 మీటర్లు రెండు సెకన్లలోపే దాటేస్తారు.

ఇంకొకటి. వెనక నుంచి మీ గుండు పారిపోతున్న బాంబర్‌ను తరమాలి, గన్నర్ తూటాకు మాత్రం మీరే ఎదురు వెళ్తున్నారు. దూరం ఒకటే అయినా లాభం అతనిదే. తోకలో రెండు, పై టరెట్‌లో (తిరిగే తుపాకుల గూడులో) రెండు, కింద బంతి టరెట్‌లో రెండు తుపాకులు. మీరు నిలిచిన ఎత్తును బట్టి వాటిలో ఎన్నో మీ వైపే తిరిగి ఉంటాయి. పైగా వెనక నుంచి చూస్తే బీ-17 రెక్క ఒక సన్నని గీత. పై నుంచి చూస్తే అదే రెక్క 31 మీటర్ల పొడవున పరచుకుని ఉంటుంది, ఇంధన ట్యాంకులూ నాలుగు ఇంజన్లూ విప్పి చూపించినట్టు.

ఇవన్నీ ఆ రోజుల్లోనే జర్మన్లు లెక్క కట్టారు. వెనక నుంచి అయితే బీ-17ను కూల్చడానికి సగటున 20 దాకా 20 మి.మీ. గుండ్లు తగలాలని, ముందు నుంచి అయితే నాలుగైదు చాలని తేల్చుకున్నారు. ముందు భాగంలో ఇద్దరు పైలట్లు కూర్చుంటారు, వాళ్ళ ముందు కవచం తక్కువ. 1942 నవంబరులో ఫ్రాన్స్ తీరంలోని సాన్ నజేర్ మీద జర్మన్ పైలట్ ఎగాన్ మేయర్ నాయకత్వంలో ఫైటర్లు ముందు నుంచి ఎదురుదాడికి దిగింది అందుకే. దానికి జవాబుగానే తర్వాతి రకమైన బీ-17జీ ముక్కు కింద రెండు తుపాకుల టరెట్ వచ్చింది.

వెనక నుంచి కొట్టి గెలిచినవాళ్ళు లేరా అంటే ఉన్నారు. 1944లో కొన్ని ఎఫ్‌డబ్ల్యూ 190లకు అదనపు కవచం తొడిగి, రెక్కల్లో 30 మి.మీ. కానన్లు పెట్టి, గుంపుగా వెనక నుంచే పంపారు. ఆ 30 మి.మీ. గుండ్లు మూడో నాలుగో తగిలితే చాలు. కానీ ఆ బరువుతో అవి అమెరికన్ ఫైటర్లైన మస్టాంగ్‌లకు సులభంగా చిక్కేవి, వాటికి వేరే ఫైటర్లు కాపలా రావలసి వచ్చేది. ఆటలో మీకు కాపలా ఎవరు?

పాలపిట్ట:
ఎదురుదాడి ఇంతకుముందు ప్రయత్నించాను. గురి కుదిరేలోపే బాంబర్ నా పక్క నుంచి దాటిపోతుంది. గుండ్లన్నీ ఖాళీ ఆకాశంలోకే వెళ్తాయి. దూరం ఎంత ఉన్నప్పుడు మీట నొక్కాలి?

ఆకాశరామన్న:
గురి దగ్గరకొచ్చాక కుదిరేది కాదు, దూరంలోనే కుదరాలి. బాంబర్ తుపాకులకు అందనంత పక్కగా వెళ్ళి, దాన్ని దాటి మూడు నాలుగు కిలోమీటర్లు ముందుకు పోండి. అప్పుడే తిరగండి. చాలామంది ఓపిక లేక కిలోమీటరు దూరంలోనే తిరిగేస్తారు, అందుకే ముక్కు సరిచేసుకోవడానికే సమయం చాలదు. తిరిగాక బాంబర్ కంటే కొంచెం ఎత్తులో ఉండి, వాలుగా దిగుతూ రండి. కిలోమీటరు దూరానికల్లా రెక్కలు సమంగా ఉండాలి, గురి కాక్‌పిట్ కంటే కాస్త పైన ఉండాలి. 500 మీటర్ల దగ్గర మీట నొక్కి, ఒక్క సెకను కాల్చి వదిలేయండి. దెబ్బ తగిలిందో లేదో చూడటానికి ఆగకండి. ఆగినవాళ్ళు ఢీకొంటారు.

దాటాక వెంటనే మలుపు తిరగడమే అసలు ప్రమాదం. మలుపులో మీ వేగం పడిపోతుంది, వీపంతా తోక గన్నర్‌కు కనిపిస్తుంది. అదే వాలులో కిందికి జారి, రెండు కిలోమీటర్లు దూరమయ్యాక ఎత్తు ఎక్కండి.

ఎదురుదాడి ఎంతకూ కుదరకపోతే పై నుంచి దూకండి. వెయ్యి మీటర్లు పైన, కొంచెం ముందుగా ఉండి, విమానాన్ని తలకిందులు చేసి దాని మీదికి లాగండి. నా చేతికి ఇదే ఎక్కువ అచ్చొచ్చింది. పై టరెట్ ఒక్కటే మీ వైపు తిరగగలదు, దానికీ మీరు వేగంగా అడ్డంగా కదిలే లక్ష్యం. గురి లోపలి ఇంజన్‌కూ విమానం ఒంటికీ మధ్య ఉన్న రెక్క మీద పెట్టండి. రెక్క తుపాకుల గుండ్లు కలిసే దూరం 300, 400 మీటర్ల మధ్య ఉండేలా ముందే సరిచేసుకోండి. అది 800 దగ్గర ఉంటే ఈ దాడిలో గుండ్లు రెండు పాయలుగా చీలి గురి పెట్టిన చోటికి అటూ ఇటూ పోతాయి.

గండభేరుండం:
రామన్న గారు చెప్పిన దాడే నన్ను ఎక్కువసార్లు కూల్చింది. ఎదురుపక్షం వాడినైనా ఒక మాట చెబుతాను. కాల్చకుండా పక్క నుంచి ముందుకు పోయే ఫైటర్‌ను చూస్తే నేను తిన్నగా వెళ్ళను. అతను తిరగడం మొదలుపెట్టగానే మెల్లగా మలుపు తీసుకుంటాను. అతను వచ్చేసరికి ఎదురుగా ఉండవలసిన ముక్కు పక్కకు పోయి, నడుము గన్నర్‌తో సహా నాలుగైదు తుపాకులు అతని వైపు ఉంటాయి. కాబట్టి పాలపిట్ట గారూ, మీరు తిరిగాక బాంబర్ రెక్కలు సమంగా ఉన్నాయో లేదో చూడండి. ఒక రెక్క వంగి కనిపిస్తే ఆ దాడి వదిలేసి ఎత్తు ఎక్కండి. ఎక్కువసేపు మలుపు తిరుగుతూ ఉంటే నాకు బాంబులు వేయవలసిన చోటు తప్పిపోతుంది. ఎలాగూ తిన్నటి దారికి రాక తప్పదు, అప్పుడు దిగండి.