రుజువు చూపించినా నమ్మకం మారదెందుకు? మొండితనమా, భయమా?

వేకువ:
నాన్న అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. రెండుసార్లు స్టవ్ ఆర్పడం మర్చిపోయారు. డాక్టరుకి చూపిద్దామంటే అమ్మ వినదు. "వయసు మీద పడితే అందరికీ ఉండేదే" అంటుంది. నిన్న గంటసేపు వాదించాను, ఒక్క మాటా ఎక్కలేదు. కళ్లెదుట కనిపిస్తున్నది కూడా మనిషి ఎందుకు ఒప్పుకోడు?

సూటిమాట:
మొండితనం. మనసు నిర్మాణమే అంత. పీటర్ వేసన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1960లో ఒక ప్రయోగం ప్రచురించారు. 2, 4, 6 అనే అంకెలిచ్చి వాటి వెనకున్న నియమం కనుక్కోమన్నారు. చాలామంది రెండేసి పెరుగుతాయనుకుని, 8, 10, 12 లాంటివే చెప్పి సరిచూసుకున్నారు. అసలు నియమం, అంకెలు పెరుగుతూ పోవాలి, అంతే. 1, 2, 3 చెప్పి చూస్తే తేలిపోయేది. ఆ ఆటలో ఎవరికీ పోయేదేమీ లేదు. భయం వల్లే అంటే నేను ఒప్పుకోను.

నడిరేయి:
పోయేదేమీ లేదు కాబట్టే, తప్పని తెలిశాక మళ్లీ వెతికి కనుక్కున్నవాళ్లూ అందులో ఉన్నారు. పోయేది పెద్దదైతే ఏమవుతుందో చూడండి.

1847లో వియన్నా ఆసుపత్రిలో ఒక ప్రసూతి విభాగంలో బాలింతలు జ్వరంతో చనిపోతుండేవారు. శవపరీక్ష గది నుంచి నేరుగా కాన్పులకు వచ్చే వైద్యుల చేతులే కారణమని అక్కడి వైద్యుడు సెమ్మెల్‌వైస్ పసిగట్టి, క్లోరిన్ ద్రావణంతో చేతులు కడిగించారు. ఏప్రిల్‌లో 18 శాతం దాటిన మరణాలు జూన్‌కల్లా 2 శాతం దగ్గరికి దిగాయి. ఇంతకంటే రుజువేం కావాలి? అయినా పెద్దపెద్ద వైద్యులు ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే, ఇన్నేళ్లూ ఆ తల్లుల్ని చంపింది తమ చేతులేనని కూడా ఒప్పుకోవాలి కదా. కీల్ నగరంలో మిఖాయెలిస్ అనే వైద్యుడు నమ్మాడు. తను కాన్పు చేసిన సొంత బంధువు అదే జ్వరంతో పోయిందన్న బాధ అప్పటికే ఆయనలో ఉంది. 1848లో ఆత్మహత్య చేసుకున్నాడు.

వేకువ గారూ, మీ అమ్మగారు ఒప్పుకోవాల్సింది ఒక జబ్బు పేరు కాదు. తన తోడు కొంచెం కొంచెంగా దూరమవుతున్నాడని.

సూటిమాట:
చదివి కాసేపు ఆగిపోయాను. కానీ ఒక్క మాట. వియన్నాలో భయపడింది వైద్యులు, చచ్చిపోయింది తల్లులు. ఒకరి భయాన్ని గౌరవిస్తూ కూర్చుంటే ఇంకొకరు నష్టపోతారు. మతిమరుపు విటమిన్ లోపం వల్లా రావచ్చు, థైరాయిడ్ వల్లా రావచ్చు. అలాంటివి మందులతో తగ్గే అవకాశం ఉంది. ఆలస్యం చేయకండి.

నడిరేయి:
ఆలస్యం చేయమని నేనూ అనను. ఎలా చెప్పాలన్నదే నా బాధ. సెమ్మెల్‌వైస్ తర్వాత బహిరంగ లేఖలు రాసి, ఒప్పుకోని వైద్యుల్ని హంతకులన్నారు. కోపం న్యాయమైనదే. కానీ ఆ మాట పడ్డాక చేతులు చాచి నీళ్లడిగేదెవరు?

వేకువ:
ఇద్దరికీ థాంక్స్. "జబ్బు" అనే మాట ఎత్తకుండా, మామూలు రక్తపరీక్షలని చెప్పి శనివారం ఇద్దర్నీ కలిపి తీసుకెళ్తున్నాను. ఇది రాస్తుంటే ఇంకోటి గుర్తొచ్చింది. మొన్న నాన్న వాకింగ్‌కి బయల్దేరుతుంటే, ఇంటి ఫోన్ నంబర్ రాసిన చీటీ అమ్మ ఆయన జేబులో పెడుతోంది. ఎందుకమ్మా అంటే, "ఊరికే" అంది.