కెమెరా ఎత్తగానే బిగుసుకుపోతున్నారు, ఫోజు ఎట్లా కుదర్చాలి?

బురుజునీడ (కర్నూలు):
కెమెరా కానన్ 200డి, లెన్స్ 50 ఎంఎం ఎఫ్ 1.8. ఓర్వకల్లు రాళ్ల దగ్గర, కొండారెడ్డి బురుజు దగ్గర తెలిసినవాళ్లకు ఫొటోలు తీస్తుంటా. వెలుతురు, ఫోకస్ కుదురుతున్నాయి, మనిషే కుదరడం లేదు. ఆధార్ ఫొటోకు నిలబడినట్టు నిలబడతారు. సన్నగా ఉన్నవాళ్లకు కూడా గడ్డం కింద మడత, జబ్బలు లావు. చేతులు ఎక్కడ పెట్టించాలో అస్సలు తెలీదు. "ఫ్రీగా ఉండండి" అంటే ఇంకా బిగుస్తారు. ఏం చెప్పాలి, ఏది ముందు చెప్పాలి?

నల్లబండ (కడప):
ఆ "ఫ్రీగా ఉండండి" మానేయన్నా. ఎదుటి మనిషికి చేయడానికి ఒక పని చెప్పాల. పాదాల నుంచి మొదలుపెట్టి ముఖం చివర్లో సర్దు. ముఖం ముందే సర్ది ఆ తర్వాత కాళ్లు జరపమంటే సర్దిందంతా పోతుంది.

బరువంతా వెనక కాలి మీద వేయించు, ముందు మోకాలు కొంచెం వదులు చేయించు. నడుం దానంతట అదే ఒక పక్కకు ఒరుగుతుంది, ఒక భుజం దిగుతుంది. ఛాతీ నేరుగా నీ వైపు కాకుండా 30 నుంచి 45 డిగ్రీలు పక్కకు తిప్పించు.

జబ్బ ఒంటికి అతుక్కుంటే కండ నలిగి వెడల్పవుతుంది, నడుం గీత కూడా అందులో కలిసిపోతుంది. మోచేయి నాలుగు వేళ్ల దూరం జరిపించు. సందులోంచి వెనకున్న రాయి కనబడితే చాలు.

సన్నటివాళ్లకు గడ్డం కింద మడత లావు వల్ల రాదు. బెరుకుతో తల వెనక్కి లాక్కుంటారు, అందుకే వస్తుంది. "గడ్డం ఎత్తండి" అంటే ముక్కు రంధ్రాలు కనబడతాయి. "తాబేలు లాగా తల నా వైపు చాచండి, ఇప్పుడు గడ్డం అర అంగుళం దించండి" అను. పక్కనుంచి చూస్తే వింతగానే ఉంటుంది, ఎదురుగా మాత్రం దవడ గీత తేలుతుంది. ఒకటి తీసి స్క్రీన్ మీద చూపించు, తర్వాత వాళ్లే చాస్తారు.

పెన్నఒడ్డు (అనంతపురం):
పై మాటంతా నిజం. చేతుల సంగతి నేను చెప్తా, ఎక్కువ ఫొటోలు చెడేది అక్కడే. అరచేతి వెనకభాగం కెమెరాకు నేరుగా పెడితే ముఖమంత కనిపిస్తుంది. చిటికెన వేలి అంచు మన వైపు తిప్పించండి. వేళ్లకు ఏదో ఒక పని ఉండాలి: పైట అంచు, జుంకీ, చొక్కా చేతి మడత. గట్టిగా పట్టుకుంటే కణుపులు తెల్లబడతాయి, రెండు వేళ్లతో తాకితే చాలు. చెంపకు చెయ్యి ఆనిస్తే బరువు వేయనీయొద్దు, చెంప పైకి నలిగి ఆ కన్ను చిన్నదవుతుంది.

ముఖం పక్కకు తిప్పేటప్పుడు ముక్కు కొస అవతలి చెంప గీతను దాటకముందే ఆపండి. చూపు కూడా ముక్కు తిరిగిన వైపే ఉండాలి, లేకపోతే తెల్లగుడ్డు మాత్రమే మిగులుతుంది.

మీ కెమెరాలో సెన్సర్ చిన్నది కాబట్టి ఆ 50 ఎంఎం లెన్స్ దాదాపు 80 ఎంఎం లాగా, అంటే ఇంకొంచెం దగ్గరకు లాగినట్టు పనిచేస్తుంది. నడుం పైభాగానికి రెండు మీటర్ల దూరం బాగుంటుంది. నిలువెత్తు ఫొటోకైతే వెనక్కి జరిగి కెమెరాను నడుం ఎత్తుకు దించండి. కంటి ఎత్తులోనే ఉంచితే కాళ్లు పొట్టిగా వస్తాయి. ఫ్రేము అంచు మోకాలి దగ్గర, మణికట్టు దగ్గర పడకూడదు.

బురుజునీడ:
చాలా థ్యాంక్స్ అన్నా. ఇంకో రెండు. ఓర్వకల్లులో సాయంత్రం ఎండకు కళ్లు చికిలిస్తున్నారు. అరుగు మీద కూర్చోబెడితే తొడలు వెడల్పుగా వస్తున్నాయి.

నల్లబండ:
వీపు ఎండ వైపు పెట్టించు, ముందునుంచి తెల్ల థర్మాకోల్ షీటుతో వెలుగు తిప్పు. కళ్లు మూయించి, మూడు అంకెలు లెక్కపెట్టి, ఊపిరి వదులుతూ తెరవమను. తెరిచిన క్షణంలో నొక్కాల, షట్టర్ వేగం 1/250 సెకను కంటే నెమ్మది కానీకు.

అరుగు మీద వెనక్కి జరిగి కూర్చోకూడదు. అంచు మీద మూడోవంతు తొడ ఆనితే చాలు, మోకాళ్లు పక్కకు, వెన్ను నిటారుగా. అది మన నల్ల నాపరాయి అయితే కింది నుంచి వెలుగు రాదు, కళ్ల కింద గుంటలు పడతాయి. ఫ్రేములోకి రాకుండా మోకాళ్ల ముందు తెల్ల పంచె పరుచు.