ఫోనులో రెండో యాప్ స్టోరుకు తలుపు తియ్యాలా, వద్దా?

మూడోకన్ను:

మధ్యాహ్నం ఆఫీసులో మొదలైన గొడవ ఇది. సాయంత్రానికీ తెగలేదు, అందుకే తెచ్చి ఇక్కడ పడేస్తున్నా.

ఫోను తయారుచేసినవాడో, దాని సాఫ్ట్‌వేర్ రాసినవాడో పెట్టిన స్టోరు ఒక్కటే ఉండాలా? బయటివాళ్ల స్టోర్లనూ రానివ్వాలా? ఐఫోనులో 2008 జూలైలో యాప్ స్టోరు తెరిచినప్పటి నుంచి దాదాపు పదహారేళ్లు ఒకటే జవాబు: కుదరదు. యూరోపియన్ యూనియన్‌లో డిజిటల్ మార్కెట్స్ యాక్ట్ వచ్చాక, 2024 మార్చిలో ఐఓఎస్ 17.4తో అక్కడివాళ్లకు మాత్రం తలుపు తెరుచుకుంది. జపాన్‌లో ఇలాంటి చట్టమే 2025 డిసెంబరు నుంచి అమల్లో ఉంది. ఆండ్రాయిడ్‌లో తలుపు మొదటి నుంచీ ఉంది గానీ, ఏటా ఒక గడియ కొత్తగా బిగిస్తున్నారు.

నా పక్షం ముందే చెప్పేస్తా. డబ్బు పోసి కొన్న ఫోనులో ఏం వేసుకోవాలో నేనే తేల్చుకోవాలి. ల్యాప్‌టాప్‌లో ఏ సైటు నుంచి ఏం దించుకున్నా ఎవరినీ అడగం కదా, ఫోను దగ్గరికొచ్చేసరికి చేతులు కట్టుకుని నిలబడటం ఎందుకు? వద్దనేవాళ్లు "సెక్యూరిటీ అండీ" అని ఒక్క ముక్క అనేసి జారుకోకండి. ఎలాగో చెప్పండి.

తాళంచెవి:

ఎలాగో అడిగారు కాబట్టి చెప్తున్నాను. మా నాన్నగారికి ఒక మెసేజ్ వచ్చింది, పార్శిల్ ఆగిపోయింది, వివరాలకు ఈ యాప్ వేసుకోండి అని. కింద ఏపీకే ఫైలు, అంటే స్టోరుతో పని లేకుండా నేరుగా వేసుకునే ఆండ్రాయిడ్ యాప్. దాన్ని దించుకుని ఫైల్ మేనేజర్‌లోంచి తెరిచారు. ఫోను ఏమైనా హెచ్చరించిందా అంటే ఆయనకు గుర్తు లేదు. అడిగి ఉంటే "సరే" నొక్కే ఉంటారు, ఎందుకంటే ఫోను రోజూ సవాలక్ష అడుగుతుంది, అన్నిటికీ సరే అంటేనే పని జరుగుతుంది. ఆ యాప్ ఎస్ఎంఎస్‌లు చదివే పర్మిషన్ అడిగింది, ఇచ్చారు. ఇక ఓటీపీలన్నీ ఎటు వెళ్లాయో మీరే ఊహించుకోండి. తెల్లారేసరికి ఖాతా ఖాళీ. నేను వెళ్లేటప్పటికి ఫోను బల్ల మీద బోర్లా పెట్టి ఉంది. ముట్టుకోవడానికి కూడా భయపడుతున్నారు.

ల్యాప్‌టాప్‌తో పోల్చారు. ల్యాప్‌టాప్‌కు మీ ఓటీపీ రాదు, మీరు ఎక్కడున్నారో దానికి అక్కర్లేదు. పైగా యాపిల్ సాఫ్ట్‌వేర్ అధిపతి క్రెగ్ ఫెడరిగి 2021 మేలో, ఆటల కంపెనీ ఎపిక్ యాపిల్ మీద వేసిన కేసులో సాక్ష్యమిస్తూ, మ్యాక్‌లో ఉన్నంత మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) తమకే సమ్మతం కాదన్నారు. సొంత కంప్యూటర్ గురించి సొంత మనిషి అన్న మాట!

బగ్గులబాబు:

నాన్నగారికి అలా జరగడం చాలా బాధగా ఉందండీ. కానీ ఒక్క మాట. అది రెండో స్టోరు వల్ల జరిగింది కాదు. ముక్కూమొహం తెలియనివాడు పంపిన ఫైలు వల్ల జరిగింది. స్టోరు అంటే పేరూ ఊరూ ఉన్నవాడు, రేపు నిలదీయడానికి దొరికేవాడు. ఈ రెంటినీ ఒకే గాటన కడితే చర్చ ముందుకెళ్లదు.

ఇక ఒక్కటే స్టోరైతే క్షేమం అన్నది... 2015లో ఎక్స్‌కోడ్ ఘోస్ట్ గుర్తుందా? ఐఫోను యాప్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఎక్స్‌కోడ్. యాపిల్ సర్వర్ల నుంచి అది దిగడానికి యుగాలు పడుతోందని చైనాలో కొందరు డెవలపర్లు వేరే చోట నుంచి దించుకున్నారు. అది కల్తీ ఎక్స్‌కోడ్. దాంతో తయారైన యాప్‌లన్నిట్లో మాల్‌వేర్ దూరింది, అవి తనిఖీ దాటి నేరుగా యాప్ స్టోరులోకే వెళ్లాయి, వీచాట్‌తో సహా. ప్లే స్టోరులో జోకర్ అనే మాల్‌వేర్ సంగతి సరేసరి. ఆ కుటుంబానికి చెందిన 1,700 యాప్‌లు తీసేశామని 2020 జనవరిలో గూగులే చెప్పుకుంది.

నా సొంత గోడు కూడా వినండి. చిన్న యాప్ ఒకటి నడుపుతున్నాను, ఏ స్టోరో చెప్పను. యాప్ క్రాష్ అవుతోందని గగ్గోలు మొదలైతే రాత్రంతా కూర్చుని సరిచేసి అప్‌డేట్ పంపాను. తిప్పికొట్టారు. కారణం? సహాయం పేజీ అడుగున మా వెబ్‌సైటు లింకు ఉంది, అక్కడ ధరలు కనిపిస్తున్నాయి. ఆ లింకు ఏడాదిగా అక్కడే ఉంది, ఎవరూ పట్టించుకోలేదు. తీసేసి మళ్లీ పంపా. ఈసారి ఇంకెవరో చూశారు, స్క్రీన్‌షాట్ బాలేదన్నారు. మొత్తం పదకొండు రోజులు. ఆ పదకొండు రోజులూ జనం క్రాష్ అవుతున్న యాప్‌నే తిడుతూ వాడారు, ఒక్కో నక్షత్రం ఇస్తూ. వేరే స్టోరు ఉంటే అక్కడ పెట్టి "ఇటు రండి" అని చెప్పుకునేవాణ్ని.

నిదానమే_ప్రధానం:

చెప్పుకునేవారు, సరే. జనం వచ్చేవారా? నాకున్న అనుమానం అదే. అమెజాన్ అంతటివాడు 2011లో ఆండ్రాయిడ్‌కు స్టోరు పెట్టాడు. 2025 ఆగస్టులో ఆండ్రాయిడ్ ఫోన్లలో మూసేసుకున్నాడు. ఎపిక్ వాళ్లు 2018 ఆగస్టులో తమ ఆట ఫోర్ట్‌నైట్‌ను ప్లే స్టోరులో పెట్టకుండా సొంత ఇన్‌స్టాలర్‌తో ఇచ్చారు. కొద్ది రోజులకే ఆ ఇన్‌స్టాలర్‌లో కన్నం బయటపడింది: ఫోనులో అప్పటికే ఉన్న దొంగ యాప్ ఏదైనా, దించిన ఫైలు స్థానంలో తన ఫైలు పెట్టేయొచ్చు. పట్టుకున్నది గూగుల్ అనుకోండి, సంతోషంగానే పట్టుకుని ఉంటారు. వెంటనే సరిచేశారు గానీ, చివరికి 2020 ఏప్రిల్‌లో ప్లే స్టోరుకే వచ్చారు.

స్టోర్లు ఎక్కువైతే అమ్మకాల మీద అవి కోసుకునే కమిషన్ తగ్గుతుందన్న ఆశ కూడా పెట్టుకోకండి. చైనాలో గూగుల్ ప్లే లేదు. హువావే, షావోమీ, ఒప్పో, వివో, ఎవరి స్టోరు వాళ్లదే. ఒకే యాప్‌ను అన్ని చోట్లా విడివిడిగా పెట్టుకోవాలి. ఆటలకైతే అక్కడ 50 శాతం దాకా కోసుకోవడం మామూలే. ఒక్క దొర పోయి పదిమంది దొరలొచ్చారు, అంతే.

ఆటలపిచ్చి:

బ్రో, వాడకపోయినా పని జరుగుతుంది, అది చూడట్లేదు మీరు. పాత వీడియో గేములను ఫోనులో ఆడించే ఎమ్యులేటర్ యాప్‌లను యాపిల్ ఏళ్ల తరబడి రానివ్వలేదు. 2024 ఏప్రిల్‌లో యూరప్‌లో ఆల్ట్‌స్టోర్ పాల్ అనే బయటి స్టోరు మొదలవబోతోంది, అందులో డెల్టా ఎమ్యులేటర్ ఉంటుందని అందరికీ తెలుసు. సరిగ్గా అదే నెలలో యాపిల్ రూలు మార్చేసింది, ప్రపంచమంతటా! నేను యూరప్‌లో లేను, ఆల్ట్‌స్టోర్ మొహం చూడలేదు, డెల్టా మాత్రం మామూలు యాప్ స్టోరులోంచే వేసుకున్నా. పక్కన ఇంకో కొట్టు తెరుస్తున్నారంటే చాలు, ఈ కొట్టువాడు మర్యాదగా మాట్లాడతాడు.

మూడోకన్ను:

ఆటలపిచ్చి సరిగ్గా పట్టుకున్నాడు. ఆ ఆల్ట్‌స్టోర్ మొదట్లో యూజర్ల దగ్గర ఏడాదికి యూరోన్నర ఎందుకు తీసుకుందో తెలుసా? కోర్ టెక్నాలజీ ఫీజు అని యాపిల్ ఒకటి కనిపెట్టింది. మామూలు యాప్‌కు ఏడాదిలో పది లక్షల ఇన్‌స్టాల్స్ దాటాకే, ఒక్కోదానికి అర యూరో. స్టోరుకైతే అప్పట్లో ఆ మినహాయింపు లేదు, మొదటి ఇన్‌స్టాల్ నుంచే కట్టాల్సి వచ్చేది. తలుపు తీసి గుమ్మంలో టోలుగేటు పెట్టారన్నమాట.

అమెరికాలోనూ ఇదే తంతు. బయట డబ్బు కట్టే చోటికి లింకు పెట్టుకోనివ్వమని ఆ ఎపిక్ కేసులోనే 2021 సెప్టెంబరులో జడ్జి ఇవాన్ గొంజాలెజ్ రోజర్స్ ఆదేశించారు. యాపిల్ సరే అని, బయట జరిగే ఆ అమ్మకాల మీద 27 శాతం అడిగింది! కార్డు కంపెనీ ఖర్చు కలిపితే మళ్లీ యాప్ స్టోరు మామూలుగా కోసుకునే 30 శాతానికే చేరుతుంది, ఎవడు లింకు పెడతాడు? ఆదేశాన్ని కావాలనే ఉల్లంఘించారని 2025 ఏప్రిల్‌లో ఆవిడే తేల్చారు. అమెజాన్ ఓడిపోయింది చూశారా అంటే ఎలా నిదానం గారూ? దారిలో ఎన్ని బండరాళ్లు దొర్లించారో కూడా చూడాలి కదా.

తాళంచెవి:

శాతాల లెక్క మా నాన్నగారికెందుకండీ? ఆయన తరఫున నేను అడిగేది వేరు. ఇప్పుడు నెలనెలా కోతపడే సబ్‌స్క్రిప్షన్లన్నీ ఒకే పేజీలో కనిపిస్తాయి. అక్కర్లేనిది నొక్కితే ఆగుతుంది. ఐదు స్టోర్లుంటే ఐదు చోట్ల వెతకాలి. డబ్బు వాపసు ఎవర్ని అడగాలి? బయటి స్టోర్ల నుంచి వచ్చిన యాప్‌లకు రీఫండ్ల విషయంలో తాము పెద్దగా సాయం చెయ్యలేమని యాపిల్ యూరప్‌లో ముందే చేతులెత్తేసింది.

బగ్గులబాబు:

ఇది మాత్రం ఒప్పుకుంటాను. సబ్‌స్క్రిప్షన్ ఆపడం ఎంత కష్టంగా పెట్టొచ్చో ఈ వృత్తిలో ఉన్నవాడిగా నాకు బాగా తెలుసు. బటను ఎక్కడ దాచాలో చర్చించడానికి మీటింగులు పెట్టుకుంటారు, నమ్ముతారా.

కానీ ఒకే తలుపు ఉంటే, మూయించాలనుకున్నవాడికీ పని సులువే. 2019 అక్టోబరులో హాంకాంగ్‌లో పోలీసులు ఎక్కడున్నారో చూపించే హెచ్‌కేమ్యాప్ లైవ్‌ను యాపిల్ తీసేసింది. 2021 సెప్టెంబరులో రష్యా ఎన్నికల రోజుల్లో ప్రతిపక్ష నేత నవాల్నీ వర్గం ఓటింగు యాప్‌ను యాపిల్, గూగుల్ రెండూ తీసేశాయి. ఆండ్రాయిడ్ ఫోనున్నవాడు కనీసం ఫైలు తెచ్చుకుని వేసుకోగలడు. ఐఫోనున్నవాడికి ఆ దారీ లేదు. ఆ మాటకొస్తే యూరప్‌లో ఇప్పుడున్న ఏర్పాటు కూడా సగమే. ఏ స్టోరులో పెట్టినా, యాప్ ముందు యాపిల్ దగ్గరికెళ్లి నోటరైజేషన్ ముద్ర వేయించుకోవాల్సిందే. ముద్ర ఇవ్వనంటే అంతే సంగతులు.

తాళంచెవి:

ముద్ర ఉండనివ్వండి! గూగుల్ 2025 ఆగస్టులో చెప్పింది కూడా అదేగా. స్టోరులోంచి వచ్చినా, బయటి నుంచి వచ్చినా, యాప్ చేసినవాడెవడో తేలితేనే ఇన్‌స్టాల్ అవుతుందని. 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లతో మొదలు అన్నారు. ఇందులో తప్పేముంది? పార్శిల్ యాప్ వాడి పేరు తెలిసి ఉంటే నేను ఇవాళ ఇక్కడ కూర్చుని టైపు చేస్తూ ఉండేవాణ్ని కాదు.

బగ్గులబాబు:

ఇక్కడే నాకు మండేది. ఎఫ్-డ్రాయిడ్ అనే ఆండ్రాయిడ్ యాప్‌ల స్టోరు 2010 నుంచి ఉంది. ఊరికే ఇచ్చే ఓపెన్ సోర్స్ యాప్‌లు, అంటే కోడ్ ఎవరైనా చూడగలిగేవి, సోర్స్ కోడ్ తెచ్చుకుని వాళ్లే కంపైల్ చేసి ఇస్తారు. ట్రాకర్ ఉంటే ఉందని యాప్ పేజీలోనే రాస్తారు. అక్కడ రాసేవాళ్లలో సగం మంది తీరిక వేళల్లో రాసేవాళ్లు. నా యాప్ నా స్నేహితుడికివ్వడానికి గూగుల్‌కు గుర్తింపు కార్డు చూపించాలా? దొంగకేమండీ, ఎవరిదో కార్డు కొనుక్కొచ్చి చూపిస్తాడు. కార్డు లేనిది, చూపించడానికి భయపడేది నిజాయితీగా రాసేవాడే, అదీ ప్రభుత్వం మీద ఏమైనా రాస్తే.

తాళంచెవి:

కొనుక్కోనివ్వండి. ప్రతిసారీ కొత్త కార్డు కొనాలంటే ఖర్చు. ఇప్పుడైతే ఉదయం ఒక పేరు, సాయంత్రం ఒక పేరు, పైసా ఖర్చు లేదు.

నిదానమే_ప్రధానం:

ఇద్దరూ ఆగండి. దొంగ బలమంతా తొందరలో ఉంది. "ఇప్పుడే నొక్కండి, పార్శిల్ వెనక్కి పోతోంది." ఎఫ్-డ్రాయిడ్ వేసుకునేవాడికి ఆ తొందర లేదు, రేపైనా వేసుకుంటాడు. అందుకని గడియ తియ్యమన్నాక ఒక రోజు ఆగి, ఫోను ఒకసారి రీస్టార్ట్ అయ్యాకే తెరుచుకునేలా పెడితే? కార్డు అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. అనుభవం ఉన్నవాళ్లకు వేరే దారి ఉంచుతామని గూగుల్ కూడా 2025 నవంబరులో కొంత మెత్తబడింది. ఆ దారి ఇలా ఉంటే నాకు అభ్యంతరం లేదు.

స్టోరుకూ ఫైలుకూ తేడా చూపించే ప్రయత్నం ఆండ్రాయిడ్ 13లోనే జరిగింది. ఫైలుగా వచ్చిన యాప్‌కు యాక్సెసబిలిటీ పర్మిషన్ (స్క్రీన్ మీది రాతలు చదివి, మన బదులు నొక్కగలిగే అనుమతి) వెంటనే ఇవ్వడం కుదరదు, స్టోరు ద్వారా వస్తే కుదురుతుంది. దొంగలేం చేశారు? స్టోర్లు ఇన్‌స్టాల్ చేసే పద్ధతినే వాడి, తమ యాపూ స్టోరు నుంచే వచ్చినట్టు ఫోనును నమ్మించారు. బాబు గారి "గాట" అంత సులువుగా తేలే వ్యవహారం కాదు.

మూడోకన్ను:

ఒక రోజు ఆగడం నాకు సమ్మతమే. మొదట రాసినప్పుడు "నేనే తేల్చుకోవాలి" అన్నాను. ఆగమంటే ఆగుతాను, అడగమంటే మాత్రం అడగను. ఆ తేడా నాకు ముఖ్యం.

తాళంచెవి:

అవన్నీ వచ్చేదాకా నేనేం చెయ్యాలి? ఫోను ఇప్పుడు నా చేతిలోనే ఉంది. ఆ యాప్ తీసేశాం.

బగ్గులబాబు:

తీసేస్తే సరిపోదు, ఫొటోలు దాచుకుని రీసెట్ కొట్టండి. కొట్టేముందు ఒకటి చూడండి. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో స్పెషల్ యాక్సెస్, అందులో "తెలియని యాప్‌లను ఇన్‌స్టాల్ చేయడం". ఆండ్రాయిడ్ 8 నుంచి ఈ అనుమతి ఫోను మొత్తానికి కాదు, ఒక్కో యాప్‌కు విడిగా ఉంటుంది. ఒకసారి ఇస్తే మళ్లీ అడగదు. బ్రౌజర్, మెసేజ్ యాప్, ఫైల్ మేనేజర్, ఏది ఆన్‌లో ఉన్నా ఆఫ్ చెయ్యండి. రీసెట్ అయ్యాక మళ్లీ ఒకసారి చూసుకోండి.

తాళంచెవి:

చూశాను. అన్నీ ఆఫ్‌లోనే ఉన్నాయి, ఫైల్ మేనేజర్ ఒక్కటే ఆన్. రెండేళ్ల క్రితం ఆయనకు అక్షరాలు పెద్దగా కనిపించే కీబోర్డు ఒకటి ఎక్కడి నుంచో తెచ్చి వేశాను, అప్పుడు నేనే ఆన్ చేశాను. ఆ రోజు ఫోను ఈ అనుమతి ఆయన్ని అడిగి ఉండదు.