పసుపెక్కిన పాత బొమ్మను పెరాక్సైడ్‌తో తెల్లబరచడం మరమ్మతా, మోసమా?

పాతపెట్టె (చర్చ మొదలుపెట్టినవారు):
అమెరికా బొమ్మల సంస్థ హాస్‌బ్రో 1984లో జీఐ జో అనే సైనికుల బొమ్మల వరుసలో విడుదల చేసిన స్టార్మ్ షాడో అనే నింజా బొమ్మ ఎంతోకాలం వెతగ్గా వెతగ్గా నాకు దొరికింది. విల్లు పోయింది, కత్తులు పోయాయి. అయినా కీళ్లు బిగువుగా ఉన్నాయి, ఈ బొమ్మల్లో అన్నిటికంటే ముందు విరిగే బొటనవేళ్లు రెండూ నిలిచి ఉన్నాయి, ముంజేతి మీది ఎర్రని పచ్చబొట్టు (ఎర్రనిదాన్ని పచ్చబొట్టు అనక తప్పడం లేదు) చెక్కుచెదరలేదు. చిక్కల్లా ఒక్కటే. తెల్లని దుస్తుల్లో ఉండవలసిన నింజా పాత నేతిరంగుకు తిరిగాడు. ఛాతీ బాగా పసుపెక్కింది, చేతులు అంతగా ఎక్కలేదు.

హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ముంచి ఎండలో ఉంచితే తెలుపు తిరిగి వస్తుందని అందరికీ తెలిసినదే. పాత కంప్యూటర్లను సేకరించేవారు 2008లో రెట్రోబ్రైట్ అని పేరు పెట్టిన ఈ పద్ధతి బొమ్మల సేకర్తల్లోకి కూడా వచ్చి చేరింది. నడుములో తెగిన రబ్బరు రింగు మార్చి, బొమ్మను మళ్లీ నిలబెడితే మనలో ఎవరూ తప్పుపట్టరు. రంగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం సగంమంది అది మోసమని అంటున్నారు. ఈ తేడాకు కారణం ఏమిటో తెలుసుకోవాలని ఉంది.

ఇత్తడిబిందె:
ఇందులో మోసం నాకేమీ కనిపించడం లేదు. 1984లో దుకాణంలో పిల్లవాడు అట్ట మీద చూసినది తెల్ల నింజానే గాని నేతిరంగు నింజాను కాదు. తయారుచేసినవారు ఇచ్చిన రంగు అసలుది, ఎండా వేడీ కలిసి పులిమినది మకిలి. బిందెకు కిలుము పడితే చింతపండుతో తోమి మెరిపిస్తాం, దానివల్ల అది వేరే బిందె అయిపోయిందని ఎవరూ అనరు. కెన్నర్ సంస్థ 1978లో తెచ్చిన స్టార్మ్ ట్రూపర్ (స్టార్ వార్స్ సినిమాలోని తెల్ల కవచం సైనికుడు) బొమ్మను నేను మూడు రోజులు పెరాక్సైడ్‌లో ఉంచి తెల్లబరిచాను. రెండేళ్లయింది, ఇంకా తెల్లగానే ఉంది.

అణుబంధం:
ఇత్తడిబిందె గారూ, మీ పోలికను ఒక్క అడుగు ముందుకు, నాణేల దగ్గరికి తీసుకువెళ్లండి. పాత నాణేన్ని చింతపండుతో తోమి తెస్తే అనుభవమున్న సేకర్త ధర సగానికి తగ్గిస్తాడు, లేదా వద్దంటాడు. మకిలితో పాటు పైపొర కూడా కొంత పోయిందని అతనికి తెలుసు. బిందె వాడుకునే వస్తువు, నాణెం దాచుకునే వస్తువు. పాతపెట్టె గారి నింజా ఇప్పుడు ఏ కోవలోకి వస్తుందో చెప్పనవసరం లేదు.

ఇక రసాయనం సంగతి. ఇలాంటి బొమ్మల్లో గట్టి భాగాలకు వాడే ఏబీఎస్ ప్లాస్టిక్‌లో అక్రిలోనైట్రైల్, స్టైరీన్‌లతో పాటు బ్యూటాడయీన్ అనే రబ్బరు భాగం ఉంటుంది. పెళుసుదనం లేకుండా దెబ్బలకు ఓర్చుకునే గుణం ఆ భాగం వల్లనే వస్తుంది, అయితే అతినీలలోహిత కిరణాలకూ, వేడికీ, గాలిలోని ఆక్సిజన్‌కూ ముందుగా లొంగేది కూడా అదే. అలా దెబ్బతిన్న చోట నీలి వెలుతురును పీల్చుకునే కొత్త అణు సమూహాలు ఏర్పడడం వల్ల కంటికి పసుపు కనిపిస్తుంది. పెరాక్సైడ్ ఆ రంగు సమూహాలను చెదరగొడుతుంది గాని, ప్లాస్టిక్‌లో తెగిపోయిన అణువుల గొలుసులను తిరిగి కలపదు. అంటే జబ్బు అలాగే ఉంటుంది, దాని గుర్తు మాత్రమే పోతుంది. అందువల్లనే తెల్లబరిచిన వస్తువులు కొన్ని అలమారలో చీకట్లో ఉన్నా మళ్లీ పసుపెక్కుతున్నాయి. పైగా ద్రావణం ఒకచోట ఎక్కువగా, మరొకచోట తక్కువగా తగిలితే పాలరాతి చారల్లాంటి మచ్చలు పడతాయి, వాటికి మందు లేదు.

రబ్బరు రింగుకూ దీనికీ తేడా ఇక్కడే ఉంది. వీపు మీది మర విప్పి కొత్త రింగు వేసినవారు రేపు దాన్ని తీసి పాతదాన్ని పక్కన పెట్టి చూపించగలరు. పెరాక్సైడ్ చేసిన పనిని ఎవరూ వెనక్కి తిప్పలేరు.

గోవాసరుకు:
విజయవాడలో చిన్నప్పుడు నేను ఆడుకున్న జీఐ జో బొమ్మలన్నీ ఫన్‌స్కూల్‌వే. 1987లో మొదలైన ఆ సంస్థ హాస్‌బ్రో అచ్చులతో గోవాలో వాటిని తయారుచేసి మన దుకాణాలకు పంపేది. అమెరికాలో ఆ వరుస 1994లో ఆగిపోయిన తరువాత కూడా ఇక్కడ అమ్మకం సాగింది. అచ్చు ఒకటే అయినా ప్లాస్టిక్ రంగులు అమెరికా బొమ్మలతో చాలాచోట్ల కలవవు. విదేశీ సేకర్తలు మన బొమ్మల కోసం వెంటపడినది ఆ తేడా కోసమే.

ఇప్పుడు ఆలోచించండి. మీగడరంగు ప్లాస్టిక్‌తో వచ్చిన బొమ్మను ఎవరో పసుపెక్కిందనుకుని తెల్లబరిచి అమ్మారు. కొన్నవారు ఇది ఇంతవరకు ఎవరూ చూడని రకమని సంబరపడి ఫొటో పెట్టారు. రెండేళ్లలో ఆ లేని రకం జాబితాల్లోకి ఎక్కుతుంది. ఒక బొమ్మ పాడైతే పాడయింది, ఏది ఎలా తయారైందో చెప్పే ఆధారమే పాడవడం నాకు పెద్ద నష్టంగా తోస్తుంది.

ఇత్తడిబిందె:
నాణెం పోలికకు నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. అమ్మేటప్పుడు తెల్లబరిచిన సంగతి చెప్పి తీరాలన్నదానికీ నాకు అభ్యంతరం లేదు. అయితే రింగు మార్చిన సంగతి మనలో ఎంతమంది చెప్పి అమ్ముతున్నాం? నియమం పెడితే రెండింటికీ పెట్టండి. ఇక నా స్టార్మ్ ట్రూపర్ అమ్మకానికి కాదు. అది నా బల్ల మీద నాకు నచ్చినట్టు తెల్లగా నిలబడితే ఎవరి ఆధారమూ చెడిపోదు.

అణుబంధం:
మీరున్నంతకాలం చెడిపోదు. ఆ తరువాత అది ఎవరి చేతికో వెళ్తుంది, దానితో పాటు మీ మాట వెళ్లదు. ఒక చీటీ రాసి బొమ్మతో పాటు ఉంచండి, చాలు.

పాతపెట్టె:
ఈ వాదన చదివాక నిన్న రాత్రి మర విప్పి చూశాను. ఛాతీ రెండు ముక్కలుగా విడిపోయింది, లోపలి వైపు వెలుతురు సోకనందువల్ల కాబోలు ఇంకా తెల్లగానే ఉంది. గోవాసరుకు గారు అడిగిన ఆధారం అదే కదా అనిపించింది. బొమ్మను విప్పి ముక్కలు ముంచేస్తే లోపలి తెలుపుకూ పెరాక్సైడ్ తగులుతుంది, అప్పుడు ఏది పుట్టుకతో వచ్చిన తెలుపో, ఏది నేను తెచ్చిన తెలుపో చెప్పడానికి ఏమీ మిగలదు. ముంచే ఆలోచన మానుకున్నాను. రింగు మాత్రం ముట్టుకోగానే రెండు తునకలైంది కనుక కొత్తది వేశాను. పాత తునకలను కాగితంలో చుట్టి, తేదీ వేసి, బొమ్మ పెట్టెలోనే ఉంచాను.